ఏడ్చే తూకపురాళ్ళు

మా ఆడపడుచు విశాలకు మెత్తని కథలు పనికిరావు. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథ వింటుందిగాని, మధ్య మధ్య వచ్చే ప్రశ్నలన్నీ ఆవిడవే. "తల తెగిందా లేదా వదినా?" అంటుంది. తెగలేదంటే మొహం మాడ్చుకుంటుంది. తెగిందంటే ఎటువైపు దొర్లిందో చెప్పమంటుంది. రాజకుమారి పూలు కోసే ఘట్టం వచ్చిందా, ఆవిడ ఆవలింత వీధి చివరికి వినిపిస్తుంది. కాబట్టి ఈ కథలో ఎముకలు విరిగినా, వేళ్ళు తెగినా, ఊరి నడిమధ్యన రాక్షసుడు మనుషుల్ని నమిలినా ఆ పాపం నాది కాదు. నేనైతే మొదటి పేజీలోనే అందరినీ పెళ్ళి పంక్తిలో కూర్చోబెట్టి ముగించేదాన్ని.

ఇక వినండి.

మేడిసీమ అనే రాజ్యంలో అన్నీ ఉండేవి, సముద్రం తప్ప. అందుకని ఉప్పు తూర్పు తీరం నుంచి రావాలి. తీరానికి పోయే దారి ఒక్కటే, గద్దముక్కు కనుమ. ఆ ఉప్పు అమ్మే కొట్లు రాజధాని అంగడిలో మూడే మూడు. మూడూ అన్నదమ్ములవే. పెద్దవాడు భూషయ్య, నడిమివాడు శేషయ్య, చిన్నవాడు పోషయ్య. నాలుగో కొట్టు పెడతానని ఉప్పు కోసం బయలుదేరినవాళ్ళు ముప్పై ఏళ్ళలో పంతొమ్మిది మంది. ఒక్కడూ తిరిగి రాలేదు. జనం "అయ్యో, ఏ పులి తినేసిందో" అని నిట్టూర్చి, ఆ మూడు కొట్లలోనే ఉప్పు కొనుక్కుని ఇంటికి పోయేవారు. వీశెకు తూచి ఇచ్చే ఉప్పు ఏటేటా తగ్గిపోతూ వచ్చింది. వీశె మాత్రం వీశె అనే అనిపించుకుంటోంది.

ఆ పంతొమ్మిదోవాడు ఎర్రయ్య. ఊరి చివర కావళ్ళు మోసుకుని బతికే గంగులమ్మ కొడుకు. అతను పోయి ఆరు నెలలైంది. అతని చెల్లెలు పైడి. పద్దెనిమిదేళ్ళ పిల్ల. రెండు గంపలు కట్టిన కావడిబద్ద భుజాన వేసుకుంటే ఎడ్లబండికి ఎదురు నడిచేది.

ఒకరోజు పైడి భూషయ్య కొట్టుకు ఉప్పుకని వెళ్ళింది. భూషయ్య తక్కెడలో ఒకవైపు నున్నని గుండురాయి పెట్టి, రెండోవైపు ఉప్పు పోసి, "లాభం..." అన్నాడు. మేడిసీమ వర్తకులెవరూ తూకంలో మొదటిదాన్ని 'ఒకటి' అనరు. ఒకటి అంటే ఒకటితోనే ఆగిపోతుందని వాళ్ళ భయం. లాభం, రెండు, మూడు, అలా పోతుంది వాళ్ళ లెక్క.

"లాభం... రెండు..." అంటూ భూషయ్య రాయిని ఎత్తి దించాడు. ఆ రాయి తడిగా ఉంది. పైడి చూస్తూ ఉండగానే ఒక బొట్టు జారి తక్కెడలో పడింది. రాయికి ఎడమవైపు చిన్న గాటు ఉంది. ఎర్రయ్య ఎడమ చెవికి చిన్నప్పుడు కొడవలి తగిలి పడ్డ గాటు అచ్చం అలాగే ఉంటుంది.

"అన్నా!" అంది పైడి.

రాయి గిలగిల కొట్టుకుంది. తక్కెడ గొలుసులు ఘల్లుమన్నాయి.

"గాలి," అన్నాడు భూషయ్య.

"ఏం గాలయ్యా? ఆకు కదలడం లేదు! అది మా అన్న! ఆ చెవి చూడు!"

భూషయ్య కళ్ళెత్తకుండానే వేలు ఊపాడు. కొట్టులోంచి ఇద్దరు పనివాళ్ళు వచ్చి, పైడిని జుట్టు పట్టి ఈడ్చి, రాళ్ళ బాటమీద బోర్లా పడేసి, కడుపులో నాలుగు తన్ని పోయారు. ఆ పిల్ల నోట్లోంచి పన్ను ఒకటి ఊడి దుమ్ములో పడింది. అంగట్లో అంతమంది ఉన్నారా, ఒక్కరూ నోరెత్తలేదు. రేపు ఉప్పు కావాలిగా.

పైడి రక్తం తుడుచుకుని తిన్నగా రాజుగారి కొలువుకు వెళ్ళింది. రాజుగారి పేరు ప్రచండసేనుడు. ప్రచండమంతా పేరులోనే అయిపోయింది.

"చూడమ్మాయీ," అన్నాడు రాజు. "వాళ్ళు మా నాన్నగారి నాటి నుంచి అంగట్లో ఉన్నవాళ్ళు. పని తెలిసినవాళ్ళు. రాయి ఏడ్చిందంటే నేనేం చేసేది? అంగడి కట్టుబాటు ఒకటుంది. ఒక కొట్టు తూకాన్ని నిలదీసే హక్కు ఇంకో కొట్టు ఉన్నవాళ్ళకే. నీకు కొట్టు ఉందా?"

"లేదు మహారాజా."

"మరి?"

"పెడతాను."

రాజు నవ్వాడు. మంత్రి నవ్వాడు. వింజామర విసిరేవాళ్ళు కూడా నవ్వారు. కొలువులో నవ్వనివాడు ఒక్కడే. ఓ స్తంభం పక్కన నిలబడి ఉన్న భూషయ్య.

ఇంటికి వచ్చి పైడి సంగతంతా చెబితే గంగులమ్మ గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. "ఒక పిల్లాణ్ణి ఆ కనుమ మింగింది. నిన్ను కూడా పంపి నేనెవరి మొహం చూసుకోనే?"

"అమ్మా, ఆ రాయి ఏడుస్తోంది. ఏడ్చినకొద్దీ తరుగుతోంది. ఆ కొట్లలో రాళ్ళన్నీ ఇలాంటివే అయుంటాయి, అందుకే ఏటేటా ఉప్పు తగ్గుతోంది. వాడు పూర్తిగా అరిగిపోతే నువ్వు చూసుకోవడానికి గులకరాయి కూడా మిగలదు."

గంగులమ్మ గుమ్మంలోంచి లేచింది. గోంగూర పచ్చడి కలిపిన అన్నం ముద్దలు చేసి మూట కట్టింది. కావడిబద్ద రెండు చివరలకూ తొడిగిన ఇనప పొన్నులు గట్టిగా ఉన్నాయో లేదో తట్టి చూసి కూతురి చేతికిచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం పైడి చింతవాగు దాటుతూ ఉండగా, నలుగురు కొడవళ్ళతో ఎదురొచ్చారు. భూషయ్య ఊరికే కూర్చునే మనిషి కాదు.

"తిరిగి పోవే పిల్లా," అన్నాడు ముందున్నవాడు. "నీ తల తెస్తే చాలన్నారు. కాళ్ళతో పోతే తల నీకే ఉంటుంది."

పైడి జవాబు కావడిబద్దతో చెప్పింది. మొదటివాడి మోకాలు చెరుకుగడలా ఫట్‌మంది. రెండోవాడు విసిరిన కొడవలి ఆమె చెంప చీల్చుకుపోయింది. ఆమె పొన్ను వాడి గొంతులో దిగింది. వాడు నీళ్ళలో పడి, వాగు ఎర్రబడేవరకు కొట్టుకుని, ప్రవాహంతోపాటు వెళ్ళిపోయాడు. మూడోవాడు ఆమెను వెనకనుంచి పట్టుకున్నాడు. ఆమె వాడి చెవి కొరికి ఉమ్మేసి, వాడు చెవి వెతుక్కునేలోగా నెత్తిన కొట్టింది. ఇక వాడికి చెవి అవసరం లేకపోయింది.

నాలుగోవాడు కొడవలి పారేసి చేతులు జోడించాడు. "అక్కా, కూలికి వచ్చినవాణ్ణి!"

"నేనూ కూలిదాన్నేరా. కూలికి తలలు నరకను," అని పైడి వాడి కుడిచెయ్యి విరగ్గొట్టి, మోకాలు విరిగినవాణ్ణి మోసుకుపొమ్మని ఎడమచెయ్యి మాత్రం వదిలేసింది.

అడవి లోపల పెద్ద పుట్ట ఒకటి ఉంది. దాని పక్కన కూర్చుని పైడి మూట విప్పగానే పుట్ట మాట్లాడింది.

"ఉప్పు వాసన! ఎవరమ్మా నువ్వు?"

చూస్తే పుట్టలో గడ్డం, గడ్డంలో నోరు, పైన రెండు కళ్ళు. మిగతా మనిషంతా మట్టిలోనే. పైడి భయపడింది కాని, ఆకలిగా ఉన్నవాళ్ళను చూస్తే వాళ్ళ ఇంట్లో భయం కంటే ముందు ముద్ద చెయ్యి దాటుతుంది. నోట్లో ముద్ద పెట్టింది. పుట్టలో ఉన్న ఆ మునికి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"ముప్పై ఏళ్ళమ్మా! చప్పిడి చెదపురుగులు తిని నాలుక చచ్చిపోయింది. నా పేరు వల్మీకానందుడు. నన్నిందులో పూడ్చింది ఆ ముగ్గురు అన్నదమ్ములే. గండశిలుడు అనే రాక్షసుణ్ణి అదుపులో పెట్టే ఉపాయం చెప్పమని వచ్చారు. చెప్పాను. ఇంకెవరికీ చెప్పకూడదని నెత్తిన మట్టి పోసి పోయారు."

"తవ్వి తీయనా తాతా?"

"వద్దులే. ఇన్నేళ్ళ తరువాత లేస్తే నడుం పట్టేస్తుంది. ఇంకో ముద్ద పెట్టు. చెబుతాను."

ముని ముద్దకూ ముద్దకూ మధ్య చెప్పిన సంగతి ఇది. ముప్పై ఏళ్ళ కిందట అన్నదమ్ములు గండశిలుణ్ణి అంగడి నడిబొడ్డుకు రప్పించి ఒప్పందం చేసుకున్నారు. వాళ్ళు ఏటా మేకలు పంపాలి. వాడు కనుమ కాయాలి. ఆ ముగ్గురి సరుకు తప్ప ఇంకెవరి ఉప్పు వచ్చినా, తెచ్చినవాణ్ణి ముట్టుకుని రాయి చేసి, ఆ రాయిని అన్నదమ్ములకు పంపాలి. ఉప్పు ఒక్కసారి కనుమ దాటి అంగడికి చేరిందంటే ఒప్పందం తెగిపోతుంది.

"అయితే వాడి ప్రాణం ఎక్కడుంది తాతా? చిలకలోనా?"

"ఉండేది. చిలక ముసలిదై చచ్చింది. అప్పటినుంచి జడలో పెట్టుకున్నాడు. జడకు ఐదు ముడులు. వాడి ఎదుట నిలబడి ఒకటి నుంచి ఐదు దాకా గొంతెత్తి లెక్కపెట్టు. అంకెకో ముడి తెగుతుంది. ఐదో ముడితో వాడు చస్తాడు, రాళ్ళన్నీ మనుషులవుతాయి. ఒక్క అంకె తప్పినా లెక్కపెట్టినవాడు వాడి నోట్లోకే. ఇంకోటి, ఈ లెక్క ఒప్పందం జరిగిన అంగట్లోనే పనిచేస్తుంది."

"అంటే వాణ్ణి ఊళ్ళోకి తీసుకురావాలా?"

"నువ్వు పిలవక్కర్లేదమ్మా. ఉప్పు దాటితే వాడే వస్తాడు. ఆకలితో వస్తాడు."

పైడికి అన్నం సహించలేదు. మిగిలిన ముద్దలన్నీ మునికే పెట్టి లేచింది.

పగటిపూట కనుమలో రాక్షసుడు ఎండకు వీపు కాచుకుంటూ పడుకుని ఉన్నాడు. ఉప్పులేని మనిషితో వాడికి పనిలేదు. "పోతే పో. వచ్చేటప్పుడు కనబడు," అన్నాడు కళ్ళు తెరవకుండానే. పైడి దాటి తీరానికి చేరింది.

ఉప్పుమళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఆమె గంపలు దించగానే ఇసక పగిలి రథమంత పీత ఒకటి లేచింది. డెక్కలు ఇనుము.

"నా మడిలో ఉప్పు ఎత్తాలంటే ఒక చెయ్యి ఇచ్చి పోవాలి," అంది పీత. "ఏ చెయ్యో నీ ఇష్టం. అంత కాఠిన్యం లేదు నాకు."

"నాకు రెండూ కావాలి. కావడి మోయాలి."

"అందరూ అదే అంటారు," అని పీత డెక్క విసిరింది.

డెక్క పైడి భుజాన్ని ఎముక కనబడేదాకా కోసింది. ఆమె పడింది, దొర్లింది. రెండో డెక్క ఆమె మెడకు చుట్టుకోబోతుంటే కావడిబద్దను దాని సందులో అడ్డంగా దూర్చి, బలమంతా పెట్టి మెలితిప్పింది. కీలు పెటిల్లున విరిగి డెక్క ఊడి ఇసకలో పడింది. నీలం రక్తం చిమ్మి ఆమె మొహం నిండిపోయింది. పైడి ఊడిన డెక్కనే ఎత్తి పీత కంటికి గురిపెట్టింది.

"ఆగాగు!" అంది పీత వెనక్కి జరుగుతూ. "చెయ్యి అడిగాను, నీదో నాదో చెప్పలేదుగా. లెక్క సరిపోయింది. ఉప్పు తీసుకో. నాది మళ్ళీ మొలుస్తుందిలే. ఆ డెక్క కూడా ఉంచుకో, రాయిని కూడా కోస్తుంది."

పైడి చీరకొంగు చింపి భుజానికి కట్టుకుంది. రెండు గంపల నిండా ఉప్పు నింపి కనుమకు వచ్చింది.

ఈసారి గండశిలుడు నిలబడి ఉన్నాడు. కొండకు కాళ్ళు వచ్చినట్టున్నాడు. మోకాళ్ళదాకా వేలాడే జడ, జడకు తలకాయలంత ముడులు ఐదు.

"ఎవరి సరుకు?" అన్నాడు.

"నాది."

"అన్నదమ్ముల సరుకు కాదు. అయితే రాయివి. ఒప్పందం."

"ఇంతమందిని రాళ్ళు చేశావే, నీకు జాలి లేదా?"

"ఒప్పందంలో జాలి రాసుకోలేదు. పన్నెండేళ్ళ కిందట ఒకడు వచ్చాడు. మురారి అని. భూషయ్య కొడుకునే అన్నాడు. నాన్న తూకం తప్పు, నేను వేరే కొట్టు పెడతాను అన్నాడు. కొడుకుల సంగతీ ఒప్పందంలో లేదు. రాయి చేసి వాళ్ళ నాన్నకే పంపాను. ఊరొదిలి పోయాడనుకుంటున్నాట్ట ఆయన. నన్నడిగితే చెప్పేవాణ్ణి. అడగలేదు."

అని చెయ్యి చాచాడు. పైడి ఎడమచేతిలోని డెక్కను కుడిచేతికి మార్చుకుని కిందనుంచి పైకి ఒక్క కోత కోసింది. రాక్షసుడి ఐదు వేళ్ళూ దుంగల్లా దొర్లి లోయలో పడ్డాయి. వాడు వేసిన కేకకు కొండచరియలు విరిగాయి. కాని పడేముందు ఒక వేలి కొస ఆమె ఎడమచేతికి తగిలింది. మణికట్టు దాకా చెయ్యి రాయి అయిపోయింది.

పైడి డెక్క అక్కడే పారేసి, కావడి ఎత్తుకుని పరుగెత్తింది. వెనక రాక్షసుడు లోయలో వేళ్ళు వెతుక్కుంటూ అరుస్తున్నాడు. దొరికినదాన్ని దొరికినట్టు అతికించుకుంటేగాని కదలడు. బొటనవేలు చిటికెనవేలి చోట అతుక్కుందట, ఆ కోపం వేరే.

ఊళ్ళోకి అడుగుపెడుతూనే పైడి ఇంటింటికీ వినిపించేలా అరిచింది. "రాక్షసుడు నా వెనకే వస్తున్నాడు! పిల్లల్ని తీసుకుని కోట వెనక్కి పోండి!" సగంమంది పోయారు. మిగతా సగం "పోటీ కొట్టు పెట్టేవాళ్ళు ఇలాంటివి పుట్టిస్తారు" అని తలుపుల దగ్గర నిలబడి చూశారు.

పొద్దు బారెడెక్కేసరికి పైడి అంగడి నడిబొడ్డున, మూడు కొట్ల ఎదురుగా చాప పరిచి, అరువు తెచ్చిన తక్కెడ పెట్టి గంపలు దించింది. రక్తం ఎండిన బట్టలతో, ఒక పన్ను లేని నోటితో గట్టిగా చెప్పింది.

"ఇది నాలుగో ఉప్పు కొట్టు! కొట్టు ఉన్నదాన్ని కాబట్టి ఆ మూడు కొట్ల తూకాన్ని నిలదీస్తున్నాను!"

చిన్నవాడు పోషయ్య పగలబడి నవ్వాడు. "కొట్టట, కొట్టు! చాప వేసుకున్నవాళ్ళంతా వర్తకులే! తూకపురాయి ఏదే?"

పైడి ఎడమచెయ్యి ఎత్తి తక్కెడలో పెట్టింది. పిడికిలి బిగిసిన రాతిచెయ్యి. జనం దగ్గరికి జరిగారు. చూస్తుండగానే ఆ రాతివేళ్ళ సందుల్లోంచి నీటి బొట్టు ఒకటి ఊరి, జారి, ఉప్పు మీద పడింది. మణికట్టు పైన మెత్తని చెయ్యి, కింద ఏడ్చే రాయి.

జనం ఒక్కొక్కరే తలలు తిప్పి మూడు కొట్ల తక్కెడల వైపు చూశారు. అక్కడ పంతొమ్మిది గుండురాళ్ళు తడిసి ఉన్నాయి.

"మా ఆయన..." అంది ఒకావిడ.

అప్పుడు ఊరి సింహద్వారం కూలింది. కాపలావాళ్ళు ఇద్దరు గాలిలో ఎగిరొచ్చి కంచరివాడి కొట్టుమీద పడ్డారు. మూడోవాడి కాళ్ళు గండశిలుడి నోటి మూలలోంచి కనబడి, లోపలికి పోయాయి.

"ఉప్పు దాటింది," అన్నాడు రాక్షసుడు నములుతూనే. "ఒప్పందం తెగింది. ముప్పై ఏళ్ళు మేకలతో సరిపెట్టారు. ఇవాళ వీధి ఈ చివరనుంచి మొదలుపెట్టి ఆ చివరిదాకా తింటాను."

ఈ చివర ఉన్నది పోషయ్య కొట్టు. పోషయ్యకు ముని చెప్పిన ఉపాయం బాగా గుర్తుంది. రొమ్ము విరుచుకుని నిలబడి, గొంతెత్తి, నలభై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాడు.

"లాభం!"

రాక్షసుడు ఒక క్షణం ఆగాడు. "అదేం అంకె?" అన్నాడు. జవాబు కోసం ఎదురుచూడలేదు. పోషయ్య తల ఎడమవైపు దొర్లి చింతపండు బస్తాల మధ్య ఆగింది.

"ఒరే తమ్ముడూ!" అని అరిచాడు శేషయ్య. "ఒకటి అనాలిరా! ఒకటి..." అని తమ్ముడికి చెప్పడం బాగానే చెప్పాడు. రాక్షసుడు తన వైపు తిరిగి, నడుము పట్టుకుని ఎత్తేసరికి, చెప్పింది కాదు, అలవాటైంది బయటికి వచ్చింది. "లా... లా... లాభం!" ఎముకలు నలిగిన చప్పుడు అంగడంతా విన్నారు.

భూషయ్య ముగ్గురిలోనూ తెలివైనవాడు. తమ్ముళ్ళు ఎక్కడ తప్పారో కళ్ళారా చూశాడు. 'ఒ' అని నోరు గుండ్రంగా చుట్టాడు. కాని పుట్టి బుద్ధెరిగాక ఆ మాటతో ఏ లెక్కా మొదలుపెట్టని నాలుక. అది అప్పుడే 'లా'కు పైకి లేస్తోంది. తన నాలుకను తానే నమ్మక, రెండు చేతులతో నోరు మూసుకుని తక్కెడ కిందికి దూరాడు.

పైడికి వర్తకం కొత్త. పోయిన వారందాకా ఆమె మోసిన మూటలన్నీ ఒకటి, రెండు, మూడే. చాప మీదనుంచి లేచి రాక్షసుడికి ఎదురు నడిచింది.

"ఒకటి!"

మొదటి ముడి పిడుగులా పేలింది. రాక్షసుడి ఎడమకాలు తొడదాకా పగిలి కంకర కురిసింది.

"రెండు!"

కుడికాలు విరిగింది. వాడు కొట్లమీద పడి, కూలిన దూలాల్లోంచి పాకుతూ వచ్చాడు.

"మూడు!"

వీపు చీలింది. వాడు చెయ్యి చాచి పైడిని దొరకబుచ్చుకున్నాడు. వేళ్ళు తారుమారుగా అతుక్కోవడంవల్ల పట్టు సరిగా లేదుగాని, పిసకడానికి చాలు. పక్కటెముకలు విరగడం ఆమెకే వినిపించింది.

"నాలుగు..."

ముడి తెగింది. వాడి దవడ సగం ఊడింది. కాని ఆమె ఛాతీలో ఇక ఊపిరి లేదు. నోరు తెరిచింది, గాలి రాలేదు. రాక్షసుడు మిగిలిన సగం దవడతో నవ్వాడు. "ఒక్క అంకె తప్పినా..." అంటూ ఆమెను నోటి దగ్గరికి తెచ్చాడు.

పైడి ఎడమచేతిని వెనక్కి లాగి, ఆ రాతి పిడికిలితో వాడి కంట్లో గుద్దింది. కన్ను పగిలి వేడిగా కారింది. గుద్దింది, మళ్ళీ గుద్దింది. పట్టు ఒక్క వెంట్రుకవాసి సడలింది. అంత గాలి చాలు.

"ఐదు!"

గండశిలుడు నడుమునుంచి తలదాకా బీటలువారి, ఒక్కసారిగా కుప్పకూలాడు. తరువాత చూస్తే అంగడి నిండా మామూలు కంకర. ఏడాదిపాటు ఊరివాళ్ళు ఇళ్ళకు అదే వాడుకున్నారు.

పైడి ఎడమచేతి వేళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి. మూడు కొట్ల తక్కెడల్లోంచి మనుషులు దిగారు. అందరికంటే ముందు గాటు చెవివాడు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమే, నువ్వు పొడుగయ్యావా?" అన్నాడు ఎర్రయ్య.

"లేదన్నా. నువ్వే జానెడు అరిగావు," అని పైడి నవ్వబోయి, పక్కటెముకలు పట్టుకుని ఏడ్చింది. గుంపును తోసుకుంటూ వచ్చిన గంగులమ్మ ఏడవలేదు. కొడుకును ఒళ్ళంతా తడిమి చూసి, "పెరుగన్నం పెడితే పూడుకుంటుంది," అంది.

తరువాత ఏమైందో కూడా చెప్పేస్తాను. ఇంటికెళ్ళి నిద్రపోవాలిగా మీరు. రాజు తన కొడుకును పెళ్ళి చేసుకోమన్నాడు. "కొట్టు నిలదొక్కుకున్నాక చూద్దాం మహారాజా," అంది పైడి. రాజకుమారుడు రెండేళ్ళు రోజూ వచ్చి ఉప్పు కొన్నాడు. కోటలో అంత ఉప్పు ఏం చేశారో తెలియదుగాని పెళ్ళి మాత్రం వైభోగంగా జరిగింది. అంగడి పెద్దరికం కూడా ఆమెదే అయింది. ఆమె వీశె ఎప్పుడూ తగ్గలేదు.

కాని ఆ రోజు అంగట్లో ఇంకో పని మిగిలి ఉంది.

అంతా అయ్యాక ప్రచండసేనుడు కత్తి దూసుకుని వచ్చాడు. తక్కెడ కిందనుంచి భూషయ్యను లాగించి, మోకాళ్ళమీద కూర్చోబెట్టి, "వీడి తల నరకండి!" అన్నాడు.

"ఆగండి మహారాజా," అంది పైడి. "అతని తల మాకెందుకు? మా ఎదురుగా ఒక్క మాట చెబితే చాలు. చేసింది తప్పని చెప్పమనండి."

మెడ పక్కన కత్తి మెరుస్తున్నా భూషయ్య గొంతు సర్దుకున్నాడు. "అదంతా రాక్షసుడి పనమ్మా. నాకేం సంబంధం?"

"ఆ రాళ్ళు మనుషులని నీకు తెలుసా, తెలియదా?"

"తెలుసు. పేర్లు తెలియవు."

జనం ఒక్క ఉదుటున ముందుకొచ్చారు. ఎవరో చెప్పు విసిరారు. పైడి చెయ్యి అడ్డం పెట్టింది.

"వ్యాపారమమ్మా ఇది!" అన్నాడు భూషయ్య. "ఇవాళ నువ్వొక కొట్టు, రేపు ఇంకోడు. నా వాళ్ళ నోట్లో మన్నేగా? నేనేం నా కోసం చేశానా? నా కొడుకు కోసం చేశాను. ఎక్కడికో పోయాడు, ఎప్పటికైనా తిరిగొస్తే వాడికి మూడు కొట్లూ పదిలంగా అప్పజెప్పాలని..."

గుంపులోంచి ఒకడు ముందుకొచ్చాడు. పదేళ్ళ పిల్లవాడంత ఎత్తు. మొహం మాత్రం ముప్పై ఏళ్ళవాడిది. పన్నెండేళ్ళు భూషయ్య సొంత తక్కెడలో రోజూ ఎత్తి దించిన రాయి. అందరికంటే ఎక్కువ అరిగింది అదే.

భూషయ్య చూశాడు. నోరు తెరుచుకుంది.

మురారి తండ్రి ఎదుట కూర్చున్నాడు. కూర్చుంటే మరీ చిన్నగా ఉన్నాడు.

"చలికాలంలో నీ చేతులు వెచ్చగా ఉండేవి నాన్నా," అన్నాడు. "పొద్దున్నే నువ్వు ఎప్పుడు ఎత్తుతావా అని చూసేవాణ్ణి."

రాజు కత్తి దించేశాడు. భూషయ్య కొడుకు చేతుల్ని అందుకోబోయి, ముట్టుకోలేక తన చేతుల వైపే చూసుకున్నాడు. తల పైకెత్తాడు. అరిగిపోయిన పంతొమ్మిది మందిని ఒక్కొక్కరినే చూశాడు.

"తప్పు చేశాను," అన్నాడు.

వెనకవాళ్ళకు వినబడలేదేమోనని, ఈసారి గొంతెత్తి, అంగడంతా వినేలా అన్నాడు.

"తప్పు నాదే."